గింజల కిటికీ

ఆ ఇంటిని మొదటిసారి చూసినప్పుడు ఇల్లనుకోలేదు. పాతకాలం వాళ్లెవరో కాపలాకి కట్టుకున్న బురుజేమో అనుకున్నాను. కొండ అంచున గుండ్రంగా, పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడుతూ నాలుగంతస్తుల ఎత్తున నిలబడి ఉంది. గోడల్లో జానెడేసి కిటికీలు. పై అంతస్తు చుట్టూ చీర అంచులాగా తెల్ల పలుగురాళ్ల వరస ఒకటి. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన ఆ ఇంటి కోడలు మెట్ల చేల గట్టు మీద ముందు నడుస్తూ, అదే మా అత్తగారి ఇల్లు, ఆవిడ పైన ఉంటుంది, చూసుకుని ఎక్కాలి అని చెప్పింది.

అది రెండువేల మూడో నాలుగో సంవత్సరం. సౌదీలో జిజాన్‌కి తూర్పున, యెమెన్ సరిహద్దు దాకా పోయే కొండల్లో ఒక చిన్న హెల్త్ సెంటర్లో నేను నర్సుని. ఆ ముసలావిడకి షుగరు. అరికాలిలో పుండు పడి నెల దాటింది. ఇల్లు దిగి రమ్మంటే రాదు. మా డాక్టరు సుడాన్ ఆయన, నెమ్మదైన మనిషి. ఆవిడ రానంటే మనమే వెళ్దాం, నువ్వైతే పై గది దాకా పోగలవు అని రోజూ కట్టు మార్చే పని నాకప్పగించాడు. సెంటర్ బండి రోడ్డు మలుపు దగ్గర దింపేది. అక్కడినుంచి జొన్నచేల గట్లమీద పావుగంట నడక.

వాకిలి ఎంత కురచంటే నాలాంటి పొట్టిదానికి కూడా తల వంచాల్సివచ్చింది. లోపల చీకటి, మేకల వాసన. కింది అంతస్తుకి కిటికీల్లేవు, మూడు వేళ్లు పట్టే సందులు మాత్రం ఉన్నాయి. మెట్లు గోడ లోపలి వైపునుంచే పుట్టుకొచ్చినట్టు చుట్టు తిరుగుతూ పైకి పోతాయి. ఒక్కో మెట్టూ ఒక్కో పొడవాటి రాయి, దాని ఒక కొస గోడలో దిగి ఉంది. మలుపు దగ్గర ఒక్క మనిషి భుజం తప్ప పట్టదు. పాతరోజుల్లో దోచుకోవడానికి ఎవరైనా వస్తే ఒక్కొక్కడే రావాలని అలా కట్టారని కోడలు చెప్పింది. మొదటి అంతస్తులో జొన్నల గాదెలు, రెండో దాంట్లో పడకలు, మూడో దాంట్లో పొయ్యీ, పొయ్యికి ఎదురుగా ముసలావిడ చోటూ. ఆ పైన డాబా. రాయికీ రాయికీ మధ్య సిమెంటు లేదు, సున్నం లేదు, బంకమట్టి కూడా లేదు. పెద్ద రాళ్ల సందుల్లో చిన్న చిన్న చెక్కు రాళ్లు దూర్చి బిగించారు. అంతే. ఆ గోడ మందం నా చేతి పొడవు ఉండేది.

నేను గోదావరి లంకలో పుట్టాను. మా ఊళ్లో రాయంటే రోలూ, సన్నికల్లే. మిగతాదంతా ఒండ్రుమట్టి. మా ఇల్లు తాటాకు ఇల్లు. వరద వస్తే గోడలు కరిగిపోయేవి, మళ్లీ పెట్టుకునేవాళ్లం. నేను చదువుకునే రోజులకే మూడుచోట్ల మారాం. కాబట్టి ఆ గోడ మీద చెయ్యి వేసినప్పుడు నాకు వింతగానే అనిపించింది. ముసలావిడ అది గమనించింది.

కట్టు విప్పుతుంటే మీ ఇల్లు ఏ రాయితో కట్టారని అడిగింది. ఆవిడ మాట్లాడేది కొండ యాస, సగం నాకర్థం కాదు, కోడలు మామూలు అరబ్బీలో చెప్పేది. మా వైపు రాయి లేదన్నాను. నమ్మలేదు. రాయి లేనిచోట మనుషులు దేన్ని ఆనుకుని కూర్చుంటారని కోడల్ని అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ ఇల్లెక్కడ బింతీ?" అంది. బింతీ అంటే కూతురా అని. మొదటి రోజునుంచీ అలాగే పిలిచింది. నేను ఖాలా అనేదాన్ని, పిన్నీ అని.

హెల్త్ సెంటర్ వెనక క్వార్టర్స్‌లో ఉంటున్నానని చెప్పాను.

"అది నీ ఉద్యోగం ఇల్లు. నీ ఇల్లెక్కడ?"

గాజుగుడ్డ కత్తిరించి పుండు మీద పరిచాను. చెప్పడానికి నా దగ్గర ఇల్లు లేదు.

పెళ్లయిన పదిహేను రోజులకే నేను సౌదీ వచ్చాను. ఏడాదికి ఆయన కూడా వచ్చేశారు. ఏజెంటు సౌదీ వీసా అన్నాడు, ఇద్దరం ఒకే దేశంలో ఉంటాం కదా అని సంబరపడ్డాం. మ్యాపు చూసిన పాపాన పోలేదు. ఆయనకి దొరికింది ఎక్కడో ఉత్తరాన బురైదా దగ్గర ఖర్జూరం తోటలో డ్రైవర్ పని. బురైదా నుంచి నా దగ్గరికి రావాలంటే ఒకటిన్నర రోజు బస్సు. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవిచ్చి కాగితం రాసివ్వాలి. వచ్చినా ఉండటానికి చోటు లేదు. నర్సుల క్వార్టర్స్‌లోకి మగవాళ్లని రానివ్వరు. లాడ్జికి వెళ్తే మా ఇకామాల మీద, అంటే అక్కడుండే అనుమతి కార్డుల మీద, వేరువేరు కఫీళ్లు, మేం మొగుడూ పెళ్లాలమని అరబ్బీలో కాగితం చూపించమంటారు. మా దగ్గర ఉన్నది చర్చిలో ఇచ్చిన తెలుగు సర్టిఫికెట్టు. మూడేళ్లలో ఒక్కసారి జెద్దాలో మా దూరపు చుట్టాలింట్లో కలిశాం. వాళ్ల హాల్లో సోఫాలో పక్కపక్కన కూర్చుని, వాళ్ల పిల్లలు టీవీ చూస్తుంటే మేమూ చూసి, సాయంత్రం ఎవరి బస్సు వాళ్లం ఎక్కాం.

క్వార్టర్స్‌లో మొబైల్ సిగ్నల్ ఉండేది కాదు. ఆ ఇంటి డాబా మీద వచ్చేది. కట్టు కట్టాక కోడలు నన్ను పైకి పంపేది. నేను ఆయనతో అయిదు నిమిషాలు మాట్లాడి దిగేదాన్ని. ఆ అయిదు నిమిషాల్లో సగం ఆ ఇంటి గురించే చెప్పేదాన్నని ఆయన ఇప్పటికీ దెప్పుతారు. పైకప్పుకి బెరడు కూడా తీయని దూలాలు వేశారనీ, వాటి మీద కొమ్మలు పరిచి మట్టి తొక్కారనీ, పొయ్యి పొగకి అవి నల్లగా నిగనిగలాడుతున్నాయనీ, గోడలో గూళ్లున్నాయనీ, ఒక గూట్లో నెయ్యీ ఒక గూట్లో తేనే పెట్టుకుంటారనీ చెప్పేదాన్ని. ఆయన వినేవారు. "అలాంటి ఇంట్లో మనిద్దరం ఉంటే ఎలా ఉంటదే," అనేవారు. నేను ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని.

ముసలావిడ ఎందుకు దిగనంటోందో నాకు రెండో వారంలో తెలిసింది. ఆవిడ చోటు పక్కన కిటికీ ఉంది. దాంట్లోంచి చూస్తే లోయ, లోయకి అవతల ఇంకో కొండ. ఆ కొండ యెమెన్‌ది. దాని నడుమున నాలుగైదు ఇళ్లు అగ్గిపెట్టెల్లా కనిపించేవి. ఆవిడ పుట్టిల్లు అక్కడే. పెళ్లయి వచ్చినప్పుడు కాగితాలు లేవు, కాపలా లేదు. కొండ దిగి కొండ ఎక్కితే సాయంత్రానికి అమ్మ దగ్గర ఉండేదాన్ని అని చెప్పింది. తర్వాత సరిహద్దు బిగిసింది. ఆవిడ చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. పొద్దున పొయ్యి రాజేస్తే పొగ లేస్తుంది. పొగ చూసి చెల్లెలు లేచిందని ఈవిడకి తెలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా వాళ్లిద్దరి మధ్య రాకపోకలు అంతే.

కొడుకు రోడ్డు పక్కన సిమెంటు ఇల్లు కట్టాడు. కుళాయి, ఏసీ అన్నీ ఉన్నాయి. ఆవిడ ఒక్క పూట ఉండి వచ్చేసిందట. ఆ గోడ మీద చెయ్యి పెడితే ఎండాకాలం కాలుతుంది, చలికాలం కొరుకుతుంది అంది. దాంతో కొడుకూ కోడలూ కూడా ఆవిడ కోసం రాతి ఇంట్లోనే పడుకునేవారు.

చలి మొదలయ్యాక పుండు ఎదురుతిరిగింది. ఒకరోజు వెళ్లేసరికి ఆవిడ ఒళ్లు పెనంలా కాలుతోంది. రెండు వేళ్లు నల్లబడ్డాయి. మా డాక్టరు ఫోన్‌లోనే, ఇంక ఆగకూడదు, జిజాన్ ఆసుపత్రికి పంపించు అన్నాడు. అంబులెన్సు రోడ్డు మలుపులో వచ్చి ఆగింది. స్ట్రెచర్ వాకిట్లోనే ఇరుక్కుంది. కొడుకు వీపున ఎక్కించుకుని దింపబోయాడు. ఆవిడ భారీ మనిషి, కాలు వంగదు. మొదటి మలుపులోనే కాలు గోడకి తగిలి ఆవిడ పెట్టిన కేకకి కొడుకు వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు. దొంగలు రాకుండా కట్టిన మెట్లు వాళ్ల మనిషినే బయటికి పోనివ్వలేదు.

రెండో అంతస్తులో ఒక పెద్ద కిటికీ ఉంది. మిగతావన్నీ జానెడేసి అయితే అదొక్కటి తలుపంత. దాని పైన గోడలోంచి ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి ఉండేది, దానికి గిలక. మెట్లమీద బస్తాలు పట్టవని పంట వచ్చినప్పుడు జొన్న బస్తాల్ని మోకు వేసి ఆ కిటికీలోంచి పైకి లాగేవారు. గింజల కిటికీ అనేవారు దాన్ని. నేను దానివైపు చూశాను. పక్షవాతం మనిషిని నలుగురు కలిసి ఇంటి కప్పు విప్పి మంచంతో సహా దింపిన కథ చిన్నప్పుడు సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నానో. ఆ కథ వాళ్లకి చెప్పలేదు. ఆ దేశంలో నా ప్రార్థన నా మనసులోనే ఉండేది. కొడుకుతో మాత్రం, బస్తాలు ఎక్కిన దారిలో మనిషి దిగకూడదా అన్నాను.

కొడుకు నన్నూ కిటికీనీ మార్చి మార్చి చూసి, కిందికి పరుగెత్తాడు. పక్క చేలల్లోంచి ముగ్గురు మగవాళ్లు వచ్చారు. ఆవిడని దుప్పట్లలో చుట్టి, మెట్ల మీద ఒకరి కింద ఒకరు నిలబడి నలుగురూ చేతులు మార్చుకుంటూ రెండో అంతస్తుకి దించారు. ఆ ఒక్క మలుపుకే పావుగంట పట్టింది. అక్కడ తాళ్ల మంచం మీద పడుకోబెట్టి, మంచం నాలుగు కోళ్లకీ మోకు కట్టి కిటికీలోంచి వదిలారు. నేను ముందే దిగి కింద చేతులు చాపి నిలబడ్డాను. మంచం గోడని రాసుకుంటూ కొంచెం కొంచెంగా దిగింది. ఆవిడ కళ్లు మూసుకోలేదు. దిగుతున్నంతసేపూ గోడ రాళ్లని చేత్తో తడుముతూనే ఉంది.

అయిదు వారాల తర్వాత తిరిగొచ్చింది. రెండు వేళ్లు తీసేశారు. మెట్లెక్కడం ఇక కుదరదన్నారు. సిమెంటు ఇంటికి రానంది. ఇంట్లోనే ఉంటానంది. కొడుకు మేకల్ని బయట కొట్టంలోకి మార్చి, కింది అంతస్తు గోడలు గీకించి, సున్నం వేయించి, దీపం పెట్టించి మంచం వేశాడు. కోడలు రాత్రుళ్లు పక్కన పడుకునేది, పగలు సిమెంటు ఇంట్లో పని చూసుకునేది. పై అంతస్తులన్నీ ఖాళీ అయిపోయాయి.

కింద కిటికీ లేదని చెప్పాను కదా. లోయ వైపు ఒక కిటికీ పెట్టిస్తానని కొడుకు యెమెన్ మేస్త్రీనొకణ్ని పిలిపించాడు. ఆయన ముసలాయన. గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి, రాళ్లమీద పిడికిలితో తట్టి, కుదరదన్నాడు. మీద ఉన్న మూడంతస్తుల బరువూ ఈ చుట్టు మీదే ఉంది, ఒక రాయి లాగితే మిగతావాటికి ఏం చెప్పను అన్నాడు. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినా లాభం లేదు, ఎదురుగా ఉన్న గుట్ట ఆ ఊరికి అడ్డం. ఇక పై కిటికీలోంచి తప్ప అది కనిపించే దారి లేదు.

అందుకని నేనో పని చేసేదాన్ని. వెళ్లగానే కట్టు సామాను కింద పెట్టి, ముందు మూడో అంతస్తుకి ఎక్కి కిటికీలోంచి చూసి దిగి ఆవిడకి చెప్పేదాన్ని. పొగ లేచింది, ఎడమ ఇంటిమీద బట్టలారేశారు, దారిమీద గాడిద పోతోంది, ఇలా. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. ఒకరోజు కొండంతా మంచు. కిటికీ బయట తెల్లగా ఏమీ లేదు. ఊరికే ఎందుకు బాధపెట్టడమని, పొగ లేచింది ఖాలా అన్నాను.

"ఇంత మంచులో పొగ కనబడిందా బింతీ?"

నాకు ముఖం చెల్లలేదు. ఆవిడ కోప్పడలేదు. కనబడనప్పుడు కనబడలేదని చెప్పు, అది కూడా నాకు కబురే అంది. ఆ తర్వాత ఎప్పుడూ లేనిది చెప్పలేదు.

బక్రీద్ సెలవలకి మా ఆయనకి కఫీల్ వారం రోజులు కాగితం రాసిచ్చాడు. ఈ కబురు ఆయన చెప్పినప్పుడు నేను డాబా మీదున్నాను. సంతోషం ఒక నిమిషమే ఉంది. వచ్చి ఎక్కడుంటారు? నన్ను చూసి బస్సెక్కి వెళ్లిపోతారా? ఆయన కూడా అదే అన్నారు, "చూసెళ్లిపోతాలే, చాలు." కిందికి దిగేసరికి నా ముఖం చూసి కోడలు గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పాను. ముసలావిడ మంచం మీదనుంచి అంతా వింది.

"పైన మూడంతస్తులు ఖాళీగా ఉన్నాయి," అంది. "పిలువు. మీ ఇద్దరూ నా చోట్లో పడుకోండి."

మేం మొగుడూ పెళ్లాలమని వాళ్లు కాగితం అడగలేదు.

ఆయన పండగ మర్నాడు జిజాన్‌లో దిగి, కొడుకు పికప్‌లో కొండెక్కి వచ్చారు. జిజాన్ బజార్లో మల్లెదండలు అమ్ముతారు, అక్కడివాళ్లు మగవాళ్లు కూడా పెట్టుకుంటారు. రెండు దండలు తెచ్చారు. ఒకటి నాకు, రెండోది ముసలావిడకి. వంగి వాకిట్లోంచి లోపలికొచ్చి ఆవిడకి సలాం చేసి, తర్వాత గోడమీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను మొదటిరోజు నిలబడ్డట్టే.

ఆ మూడు రోజులూ మేం చేసింది ఏమీ లేదు. పొద్దున ఆయన మెట్లమీదనుంచి నీళ్ల బిందె తెచ్చేవారు. నేను పొయ్యి రాజేసేదాన్ని. కోడలు జొన్నపిండి, తేనె, పండగ మాంసం పంపించేది. నేను ఆయనకి పప్పుచారు పెట్టి అన్నం వండాను. అన్నం తిన్నాక ఆయన గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఈయన అన్నం తిన్నాక కాళ్లు చాపుకుని కూర్చుంటారన్నమాట అనుకున్నాను. పెళ్లయి నాలుగేళ్లవుతోంది. మా ఆయన ఇంట్లో ఎలా ఉంటారో నాకు తెలియదు. నిద్రలేవగానే ముందు ఏం చేస్తారో, చొక్కా ఎక్కడ తగిలిస్తారో, మాట్లాడకుండా ఎంతసేపు ఉండగలరో తెలియదు. జుట్టు దువ్వుకుంటుంటే ఆయన నావైపే చూస్తున్నారని తెలిసి ఏంటండీ అన్నాను. "ఏం లేదు. నువ్వు కిటికీ వైపు తిరిగి దువ్వుకుంటావని నాకు తెలీదు," అన్నారు. నాకూ తెలియదు. అప్పటిదాకా కిటికీ ఉన్న ఇంట్లో మేమిద్దరం ఎప్పుడున్నాం గనక.

నేను పొద్దున కిటికీలోంచి చూసి కిందికి కబురు మోసుకెళ్లడం ఆయన మొదటిరోజే గమనించారు. ఎందుకని అడిగారు. గింజల కిటికీ సంగతీ, మంచం దింపిన సంగతీ ఫోన్లో చెప్పినవే మళ్లీ చెప్పాను. ఆయన రెండో అంతస్తుకి దిగి గిలకని, దూలాన్ని, మోకుని చాలాసేపు పరీక్షగా చూశారు. మా ఆయనది పడవల కుటుంబం. మోకులు, ముళ్లు ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

"దింపిన దారిలో ఎక్కించొచ్చు కదే," అన్నారు.

ఇన్నాళ్లూ మా ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. కిందికి రావడం ఆపద కాబట్టి చేశాం. పైకి వెళ్లడం ఆవిడ కోరిక మాత్రమే, అందుకేనేమో. కొడుక్కి చెబితే మొదట ఒప్పుకోలేదు. ఎక్కితే మళ్లీ దిగదు, ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలి అన్నాడు. ఆ మాట నిజమే. నర్సుగా నేను కూడా అదే చెప్పాలి. చెప్పలేదు. కొడుకు తల్లి దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆవిడ తలకి గుడ్డ సరిగ్గా చుట్టుకోవడం మొదలుపెట్టింది.

రెండోరోజు మధ్యాహ్నం ఎక్కించాం. ఆయన పాత మోకు తీసేసి కొత్తది వేసి, మంచానికి నాలుగు వైపులా తను ముళ్లు వేసి, ముందు రెండు జొన్న బస్తాలు పెట్టి ఒకసారి లాగి చూశారు. తర్వాత ఆవిడ. ఇద్దరు పొరుగువాళ్లూ, కొడుకూ, ఆయనా లాగారు. రెండో అంతస్తునుంచి పైకి ఆ ఒక్క మలుపూ నలుగురూ అలాగే చేతులు మార్చుకుంటూ మోశారు. ఆవిడని తన చోట్లో కూర్చోబెట్టేసరికి బయట దట్టంగా మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం కిటికీకి పక్కకి తిరిగి, గోడకి వీపు ఆన్చి, "మంచు," అంది తృప్తిగా. ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనే చూసుకుంది.

ఆవిడ చోటు ఆవిడకీ, పడకల గది కొడుకూ కోడళ్లకీ వెళ్లాయి కాబట్టి ఆ రాత్రి మేం కింది అంతస్తులో పడుకున్నాం, సున్నం వేసిన మేకల గదిలో. ఆయన నవ్వారు.

మర్నాడు ఆయన బస్సుకి వెళ్లాలి. చెప్పివద్దామని పైకెక్కాను. మంచు విడిపోయింది. అవతలి కొండమీద ఎండ పడుతోంది. ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. వెళ్తున్నారు ఖాలా అన్నాను. ఆవిడ తల తిప్పలేదు. చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి వెతికి పట్టుకుంది. అలాగే చూస్తూ ఉంది.

ఆవిడ మళ్లీ దిగలేదు. పుండు మానింది, మళ్లీ ఇంకోచోట వచ్చింది, నేను ఎక్కుతూనే ఉన్నాను. ఏడాదిన్నర తర్వాత నన్ను జిజాన్ టౌన్‌కి మార్చారు. అక్కడున్నప్పుడే కోడలు ఫోన్ చేసింది. పైనే పోయిందట, పొద్దున పూట. మగవాళ్లు గింజల కిటికీలోంచే దించారట. అవతలి కొండకి ఎవరు కబురు చేశారని అడిగాను. ఎవరూ చేయలేదు, కానీ నాలుగు రోజులకి చెల్లెలి కొడుకు ఏదో దారిన వచ్చి చేరాడు అంది. ఎలా తెలిసిందో కోడలికీ తెలియదు.

ఆ తర్వాత ఇంకో మూడేళ్లు ఆయన బురైదాలో, నేను జిజాన్‌లో ఉన్నాం. అలాంటి చోటు మళ్లీ దొరకలేదు. కలిసినప్పుడల్లా ఎవరో ఒకరి హాల్లో కూర్చున్నాం. చివరికి ఇద్దరం ఉద్యోగాలు వదిలి, ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చేశాం. ఇప్పుడు అమలాపురంలో మాదంటూ ఇల్లుంది. ఇటుక, సిమెంటు, వీధివైపు రెండు పెద్ద కిటికీలు. అందులో ఆయన చొక్కా ఎక్కడ తగిలిస్తారో కళ్లు మూసుకుని చెప్పగలను.

అయినా ఒక్కోసారి ఆయన, "మనింట్లో పొయ్యి పక్కన గూడు కుడివైపు కదూ?" అంటారు. మనిల్లు అంటే ఏ ఇల్లో నేను అడగను. ఎడమవైపు అంటాను. కుడివైపే అని ఆయన గట్టిగా అంటారు. ఆ మాట మీద కాసేపు దెబ్బలాడుకుంటాం. ఎవరిది నిజమో తేల్చుకోవడానికి ఆ కొండెక్కి చూసిరావడం మా వల్ల అయ్యే పని కాదు.